సెల్‌ఫోన్‌లో సభ సరే.. ఓటరు మాటకు చోటేదీ?

* ప్రత్యక్ష ప్రసారాలతో ఇంటికే చేరుతున్న పార్టీ సమావేశాలు
* వేదికకు చేరని గ్రామీణుల ప్రశ్నలు
* కొద్దిపాటి ఏర్పాట్లతో మార్పు సాధ్యమే

బంగారుపాళ్యం: ఒకప్పుడు మండలంలో రాజకీయ పార్టీ సమావేశం ఉందంటే ముందురోజు ఆటోకు మైకు కట్టి ఊరూరా ప్రచారం చేసేవారు. గోడలపై రాతలు, కూడలిలో కరపత్రాలు, చివరకు కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పిలవడం ఆనవాయితీ. ఇప్పుడు ఆ పని ఒక్క వాట్సాప్ సందేశంతో ముగుస్తోంది. రాలేనివారు ఫేస్‌బుక్, యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాల్లో ఇంటినుంచే సభను తిలకిస్తున్నారు. అయితే చూడటం వేరు, పాల్గొనడం వేరు. నాయకుని ప్రసంగం ఓటరుకు చేరినంత సులువుగా ఓటరు ప్రశ్న నాయకునికి చేరుతోందా? ఇందుకు సమాధానం వెదికేవారికి బంగారుపాళ్యంలోనే రెండు ఉదాహరణలు కనిపిస్తాయి.

ఒకే ఊరు.. రెండు ఘటనలు

తెలుగుదేశం పార్టీ జాతీయ ప్రధాన కార్యదర్శి హోదాలో నారా లోకేశ్ 2023 జనవరి 27న కుప్పంలో యువగళం పాదయాత్ర ప్రారంభించారు. ఫిబ్రవరి మొదటి వారంలో అది బంగారుపాళ్యం చేరింది. అంతకు కొద్దిరోజుల ముందే కందుకూరు, గుంటూరులలో జరిగిన తొక్కిసలాటల్లో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. దీంతో రహదారులపై సభలను నియంత్రిస్తూ అప్పటి వైకాపా ప్రభుత్వం జీవో నంబరు 1 జారీ చేసింది. ఇక్కడ సభకు అనుమతి లేదంటూ పోలీసులు ప్రచార వాహనాన్ని స్వాధీనం చేసుకోగా, లోకేశ్ సమీపంలోని భవనం పైనుంచి మాట్లాడారు. కొద్దిసేపటికే ఆ దృశ్యాలు రాష్ట్రమంతటా సెల్‌ఫోన్లలో ప్రత్యక్షమయ్యాయి. సదరు జీవోను హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టివేసింది.

రెండేళ్లకు పాత్రలు తారుమారయ్యాయి. తోతాపురి మామిడి ధర పతనంపై రైతులను పరామర్శించేందుకు 2025 జులై 9న వైకాపా అధ్యక్షుడు జగన్మోహనరెడ్డి బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వచ్చారు. యార్డులో 500 మందికి, హెలిప్యాడ్ వద్ద 30 మందికి మాత్రమే పోలీసులు అనుమతి ఇచ్చారు. జనం అంతకు మించి తరలివచ్చారు. రాలేకపోయినవారు ప్రత్యక్ష ప్రసారంలో చూశారు. రోడ్డుపై మామిడికాయలు పారబోసిన దృశ్యాలు ఆ రోజంతా చేతులు మారాయి. అది రైతుల ఆవేదన అని వైకాపా, ముందే సిద్ధం చేసిన నాటకమని అధికార పక్షం ప్రచారం చేసుకున్నాయి. అదే దృశ్యానికి రెండు వ్యాఖ్యానాలు, రెండూ ఒకే ఫోనులోకి వచ్చి పడ్డాయి.

అడ్డంకులు ఎవరు కల్పించినా సెల్‌ఫోన్ వాటిని దాటిందని ఈ రెండు ఘటనలూ రుజువు చేస్తున్నాయి. ఐతే రైతు సందేహాల మాటేమిటి? పరిశ్రమలు కిలోకు రూ.8 చెల్లించాలని, ప్రభుత్వం మరో రూ.4 కలుపుతుందని ఆ సీజనులో ప్రకటించారు. ఆ రూ.4 ఖాతాలో ఎప్పుడు పడుతుంది? పరిశ్రమ రూ.8 ఇవ్వకుంటే ఎవరికి చెప్పుకోవాలి? ఇలాంటి ప్రశ్నలకు ప్రత్యక్ష ప్రసారంలో చోటు ఉండదు. ప్రసారం కింద నినాదాలు, దూషణలు బారులు తీరుతాయే గాని ప్రశ్న ఎవరి కంటా పడదు.

కరోనా కాలపు అనుభవం

జనం గుమికూడకుండానే సమావేశం జరపవచ్చని కొవిడ్ కాలం చూపింది. తెలుగుదేశం 2020 మే 27, 28 తేదీల్లో మహానాడును జూమ్ ద్వారా నిర్వహించింది. మరుసటి ఏడాదీ అదే పద్ధతి పాటించింది. 2021 ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికకు ముందు, అదే నెల 14న తిరుపతిలో జరగవలసిన నాటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి సభ కొవిడ్ కారణంగా రద్దయింది. ఆయన ఓటర్లకు లేఖలు రాశారు. 2022 జనవరిలో ఐదు రాష్ట్రాల ఎన్నికలు ప్రకటించినప్పుడు ఎన్నికల సంఘమే కొంతకాలం ర్యాలీలను నిషేధించి, డిజిటల్ ప్రచారానికి మొగ్గుచూపాలని సూచించింది.

వీటన్నింటిలోనూ మాట పైనుంచి కిందికి వచ్చింది. కింది నుంచి పైకి వెళ్లే దారి మాత్రం ఇరుకుగానే మిగిలింది. ఇంటర్నెట్ ఊళ్లకు రాక మునుపు, 1990ల చివర దూరదర్శన్‌లో ప్రసారమైన ‘డయల్ యువర్ సీఎం’లో సామాన్యుడు ఫోను చేసి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడిని నేరుగా ప్రశ్నించే వీలుండేది. 2024 ఎన్నికల ముందు తెలుగుదేశం అభ్యర్థుల ఎంపికకు ఫోన్ల ద్వారా అభిప్రాయ సేకరణ జరిపింది. అందులో ఓటరు పాత్ర ఒక అంకె నొక్కడంతో ముగుస్తుంది. ఎందుకు నొక్కాడో చెప్పే అవకాశం లేదు.

మండల సమావేశంలోనే అసలు నిర్ణయం

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తులపైనే. అభ్యర్థి ఎవరన్నది మండల స్థాయి సమావేశాల్లో, నాయకుల ఇళ్లలో తేలిపోతుంది. ఓటరుకు తెలిసేసరికి నామినేషను పడి ఉంటుంది. తాగునీరు, శ్మశాన దారి, ఏనుగుల దాడిలో దెబ్బతిన్న పంటకు పరిహారం వంటి సమస్యలు చర్చకు రావాలంటే ఓటరు ప్రవేశించవలసింది ఈ దశలోనే. ఆన్‌లైన్ మాధ్యమం నిజంగా ఉపయోగపడగలిగేది కూడా భారీ బహిరంగ సభకు కాదు, ఈ చిన్న సమావేశానికే.

ఏ మాధ్యమం ఏ పనికి?

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు ఉండవచ్చు. అందరూ మాట్లాడగలరు, కానీ అందరి ఫోను నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వాట్సాప్ ఛానల్‌లో నంబర్లు బయటపడవు, అయితే మాట ఒకవైపే సాగుతుంది. ఫేస్‌బుక్, యూట్యూబ్ ప్రసారాలు ఎందరైనా చూడవచ్చు, చూసినవారు మాట్లాడలేరు. జూమ్‌లో ఇరుపక్షాలూ మాట్లాడవచ్చు. డబ్బు కట్టకుండా వాడితే 100 మందికి, 40 నిమిషాలకు పరిమితం. మండల సమావేశానికి అది సరిపోతుంది. రాయడం రానివారికి వాట్సాప్ స్వర సందేశం చక్కటి సాధనం. ఒక్క మాధ్యమంతో పని పూర్తి కాదని దీనినిబట్టి అర్థమవుతుంది.

ప్రశ్న వేదిక ఎక్కాలంటే..

పెద్ద ఖర్చు లేకుండానే పార్టీలు ఈ ఏర్పాట్లు చేసుకోవచ్చు. సమావేశానికి మూడు నాలుగు రోజుల ముందే చర్చనీయాంశాలను గ్రూపుల్లో పెట్టాలి. ప్రశ్నలకు ప్రత్యేకంగా ఒక నంబరు కేటాయించి, స్వర సందేశాలను స్వీకరించాలి. వచ్చిన వాటిని గ్రామాలవారీగా విభజించి ఒక కార్యకర్త సభలో చదివి వినిపించాలి. జవాబు చెప్పేందుకు బాధ్యుడైన నాయకుడు అక్కడ ఉండాలి. ప్రసంగాలకు ముందే ప్రశ్నలకు సమయం ఇవ్వాలి. చివర్లో పెడితే ఆ సమయం ఎన్నడూ రాదు. ముగిసిన మరునాడు ఏ ప్రశ్నకు ఏం చెప్పారో, ఎప్పటిలోగా చేస్తామన్నారో ఒక పుట రాసి అదే గ్రూపులో ఉంచాలి. తదుపరి సమావేశం ఆ పుటతోనే మొదలు కావాలి. ఈ చివరి పని జరగకపోతే మిగిలినవన్నీ ప్రచార ఆర్భాటమే అవుతాయి.

ఫోను లేనివారి మాటేమిటి?

ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోను ఉంటే అది సాధారణంగా మగవారి చేతిలోనే ఉంటుంది. వృద్ధులు, కూలి పనులకు వెళ్లే మహిళలు ఆన్‌లైన్ సమావేశానికి సహజంగానే దూరమవుతారు. కొండల అంచున ఉన్న పల్లెల్లో సిగ్నలూ అంతంతమాత్రమే. ఇలాంటి చోట్ల ఉదయం, సాయంత్రం మహిళలు పాలు పోసేందుకు వచ్చే కేంద్రం వద్ద, లేదా రచ్చబండ వద్ద కార్యకర్త తన ఫోనులో వారి ప్రశ్నను వారి గొంతుతోనే నమోదు చేసి పంపవచ్చు. జవాబును కూడా అక్కడికే తెచ్చి వినిపించవలసి ఉంటుంది. ఆన్‌లైన్ వచ్చిందని ఇంటింటి పలకరింపు మానుకుంటే, ఫోను ఉన్నవారి పార్టీగా మిగలక తప్పదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

* ఎన్నికల సంఘం 2013 అక్టోబరులో జారీ చేసిన ఆదేశాల ప్రకారం అభ్యర్థి తన సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలను నామినేషనుతో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో తెలపాలి.
* ఎన్నికల వేళ ఆన్‌లైన్ రాజకీయ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ అవసరం. ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి వస్తుంది.
* పోలింగు ముగియడానికి ముందు 48 గంటల్లో టీవీ వంటి సాధనాల ద్వారా ఎన్నికల విషయాలను ప్రదర్శించడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షను నిషేధిస్తోంది.
* కోడ్ అమల్లో ఉండగా ఉల్లంఘనలు కనిపిస్తే ఓటరు సీ-విజిల్ యాప్‌లో ఫొటో, వీడియోతో ఫిర్యాదు చేయవచ్చు.

ఓటర్లు గమనించవలసినవి

* సందేశంపై రెండు బాణాల గుర్తు ఉంటే అది అనేకసార్లు చేతులు మారిందని అర్థం. తేదీ, స్థలం తెలియకుండా ఇతరులకు పంపరాదు.
* పార్టీ గ్రూపులో ఆధార్, బ్యాంకు ఖాతా, ఓటరు కార్డు చిత్రాలు పెట్టరాదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పరాదు.
* అనుమతి లేకుండా గ్రూపులో చేర్చితే బయటకు రావచ్చు. ఎవరు చేర్చవచ్చో వాట్సాప్ సెట్టింగుల్లో నిర్ణయించుకోవచ్చు.
* ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ 2025 జనవరిలో ప్రభుత్వం ప్రారంభించినది. పార్టీల గ్రూపులకు దానితో సంబంధం లేదు.
* ప్రశ్న పంపినప్పుడు తేదీ రాసిపెట్టుకోవాలి. జవాబు రాకుంటే తదుపరి సమావేశంలో ఆ తేదీతో సహా అడగవచ్చు.

మామిడి కాపు ఏటా వస్తుంది, ధర సమస్యా వెన్నంటే వస్తుంది. నాయకులు యార్డుకు వచ్చేది కాయలు రోడ్డున పడ్డాకే. పూత దశలోనే మండల సమావేశాల్లో ధరపై రైతు అడిగిన ప్రశ్న నమోదై, దానికి బాధ్యుడెవరో తేలితే ఆ పరిస్థితి కొంతైనా మారే అవకాశముంది. అందుకు అవసరమైన సాధనం ఇప్పటికే రైతు జేబులో ఉంది. వినే ఏర్పాటు చేయవలసింది పార్టీలే.