చనువుకు వ్యాకరణం: క్లింగన్ భాషలో ముద్దుపిలుపులు

భాషను గురించి మన సాహిత్య చర్చలు ఎక్కువగా గ్రాంథికం, వ్యావహారికం, మాండలికం అనే మూడు మాటల చుట్టూ తిరుగుతాయి. ఒక మనిషి మరొక మనిషిని ప్రేమగా ఎలా పిలుస్తాడన్నది చిన్న విషయమని వదిలేస్తాం. అది చిన్న విషయం కాదని నా అభిప్రాయం. మనుషుల మధ్య ఉన్న సంబంధం దాపరికం లేకుండా బయటపడేది పిలుపులోనే. ఈ మాట చెప్పడానికి ఒక వింత ఉదాహరణ తీసుకుంటున్నాను. అది ఏ నేలమీదా పుట్టని భాష. దాని పేరు క్లింగన్.

క్లింగన్లు కల్పిత జాతి. అమెరికాలో 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' అనే టెలివిజన్ కథల్లోకి 1967లో శత్రువులుగా ప్రవేశించారు. అవి ప్రచ్ఛన్నయుద్ధం రోజులు. ఆ శత్రువులో సోవియట్ యూనియన్ నీడను చూసిన విమర్శకులు చాలామంది. 1979 నాటి సినిమాలో ఈ జాతి చేత ఏవో కొన్ని మాటలు పలికించారు. 1984లో వచ్చిన మూడవ సినిమా కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త ఈ భాషకు వ్యాకరణం కట్టాడు. మరుసటి ఏడాది నిఘంటువు ప్రచురించాడు. ఇదే ఓక్రాండ్ డాక్టరేటు కోసం పరిశోధించింది కాలిఫోర్నియా ఆదివాసుల మట్సున్ భాషను. ఆ భాష బాగా తెలిసిన చివరి మనిషి 1930లో కన్నుమూసింది. నిజమైన ప్రజల భాష మూగబోయిన చోటనే సినిమా పరిశ్రమ డబ్బుపెట్టి ఒక కల్పిత భాషను చేయించుకుంది. ఈ వైరుధ్యాన్ని పాఠకులు మనసులో ఉంచుకోవాలి.

క్లింగన్ యుద్ధవీరుల భాష. పలకరింపుకు మాట లేదు. ఎదురుపడితే 'నీకేం కావాలి?' అని అడగడమే పలకరింపు. ఇష్టపడడానికి విడిగా ధాతువు కూడా లేదు. 'పార్' అంటే అయిష్టపడడం. దానికి 'ఖా' అనే ప్రత్యయం చేరిస్తే ఆ పని తిరగబడి ఇష్టపడడం అవుతుంది. 'మూష్' అంటే ద్వేషించడం, 'మూష్‌ఖా' అంటే ప్రేమించడం. అంటే ద్వేషాన్ని విప్పుకుంటేగాని ప్రేమ రాదన్నమాట. (కొన్ని పదాల చివర గొంతు బిగబట్టి ఆపే ధ్వని ఒకటుంది. మన లిపిలో దానికి అక్షరం లేదు గనుక వదిలేశాను.)

ఇంత కరకు భాషలోనూ ముద్దుచేయడానికి ఒక ప్రత్యయం ఉంది: 'ఓయ్'. 'వావ్' అంటే తండ్రి, 'వావోయ్' అంటే నాన్న. ఇది సాధారణంగా బంధువాచకాలకూ, కొన్నిసార్లు పెంపుడు జంతువుల పేర్లకూ చేరుతుంది. నామవాచకానికి చేరే ప్రత్యయాలన్నీ హల్లుతో మొదలవుతాయి. అచ్చుతో మొదలయ్యేది ఇదొక్కటే. కటువైన హల్లుల మధ్య ఈ మెత్తని ప్రత్యయం వేరుగా వినబడుతుంది.

తెలుగువాళ్లకు వెంటనే 'అమ్మోయ్', 'నాన్నోయ్' గుర్తొస్తాయి. పోలిక కేవలం యాదృచ్ఛికం. కాని తేడా గమనించదగ్గది. మన 'ఓయ్' కేకకు చెందింది, పిలిచినంతసేపే ఉంటుంది. 'నాన్నోయ్‌కి చెప్పాను' అని ఎవరూ అనరు. క్లింగన్ 'ఓయ్' మాటకు అంటుకుపోతుంది. దాని తర్వాతనే బహువచనం, 'నా', 'నీ' అనే ప్రత్యయాలు, విభక్తులు వరసగా వచ్చి చేరతాయి. తండ్రి ఎదురుగా లేకపోయినా, అతన్ని గురించి ఇంకొకరితో చెబుతున్నా, ఆ ప్రేమ వాక్యంలో నిలిచి ఉంటుంది.

అసలు విషయం ఇక్కడుంది. ఈ ప్రత్యయాన్ని వివరించిన చోటనే ఓక్రాండ్ ఒక హెచ్చరిక చేశాడు. క్లింగన్ మాతృభాష కాని విద్యార్థులు దీన్ని వాడకుండా ఉండడం మంచిదన్నాడు. హాస్యానికి అన్నా అందులో నిజముంది. వ్యాకరణం ప్రత్యయాన్ని ఇవ్వగలదు, చనువును ఇవ్వలేదు. మన 'ఒరే' సంగతే చూడండి. తల్లి నోట అది లాలన, ఈడువాడి నోట స్నేహం. పాలేరును పిలిచే దొర నోట అదే మాట దౌర్జన్యం. మాట ఒక్కటే, సంబంధం మారితే అర్థం తలకిందులవుతుంది. నిఘంటువులో 'ఒరే' అర్థం వెతికేవాడికి ఇది దొరకదు.

'నా' అని చెప్పడంలోనూ క్లింగన్‌కు రెండు దారులున్నాయి. మాట్లాడగల ప్రాణుల పేర్లకు 'వి', మిగిలినవాటికి 'విజ్' చేరతాయి. 'బాంగ్' అంటే ప్రేమపాత్రమైన వ్యక్తి, 'బాంగ్‌వి' అంటే నా ప్రేయసి లేక నా ప్రియుడు. 'జూప్‌వి' అంటే నా స్నేహితుడు. 'జూప్‌విజ్' అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది, మర్యాద ఒప్పుకోదు. అలా అంటే స్నేహితుణ్ణి కత్తినో చెప్పునో సొంతం చేసుకున్నట్టు చెప్పడమే, అది తిట్టు. మనిషిని 'నా' అనడానికీ వస్తువును 'నా' అనడానికీ మధ్య ఆ భాష గోడ కట్టింది.

బడిలో బాలవ్యాకరణం చెప్పే నాకు ఇక్కడ మన మహదమహద్విభాగం గుర్తురాక తప్పదు. మనం గీసుకున్న గీత వేరు. ఏకవచనంలో పురుషుడు ఒకవైపు, స్త్రీ, పశువు, రాయి ఇంకొకవైపు. 'అయ్య వచ్చాడు' అంటాం; 'అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది' అంటాం. బహువచనంలోగాని స్త్రీ మనుషుల వరసలోకి రాదు. క్లింగన్ గీత ఆడ-మగల మధ్య లేదు, మాట్లాడగలవారికీ మాట్లాడలేనివాటికీ మధ్య ఉంది. 'అతడు', 'ఆమె' రెంటికీ ఒకే సర్వనామం. అయినంతమాత్రాన కల్పిత భాష మన భాషకన్నా గొప్పదని అనను. 'అది' అన్న మాటనే కూతురిమీద ప్రేమతోనూ కోడలిమీద కసితోనూ వాడగల ప్రజలు మనవాళ్లు. 'ఏరా నాన్నా', 'రా తల్లీ' అంటూ పసిబిడ్డకు పెద్దల స్థానమిచ్చి ముద్దుచేసే తీరు ఏ ప్రత్యయానికీ అందేది కాదు.

మరి ఈ తయారైన భాషలో ప్రేమ పుట్టగలదా? 1990లలో అమెరికాలో ఒక భాషాశాస్త్రవేత్త తన కొడుకుతో మొదటి మూడేళ్లపాటు క్లింగన్‌లోనే మాట్లాడి చూశాడు. పసివాడి చుట్టూ ఉండే సామాన్య వస్తువులకు ఆ భాషలో మాటలు చాలలేదు. పిల్లవాడికి ఆసక్తి తగ్గింది, తండ్రి మానుకున్నాడు. ఇందులో వింతేమీ లేదు. ముద్దుపిలుపు బతకాలంటే దాని చుట్టూ ఇల్లుండాలి, వంటగది ఉండాలి, వీధి ఉండాలి. యుద్ధనౌక ఒక్కటీ చాలదు.

అయినా ఈ భాషను నేర్చుకున్నవాళ్లున్నారు. 1992లో దానికొక సంస్థ ఏర్పడింది. 1996లో 'హామ్లెట్' అనువాదమైంది. ఇంతలో యజమాని ముందుకొచ్చాడు. అభిమానులు తలపెట్టిన ఒక చిత్రంమీద సినిమా కంపెనీ పారమౌంట్, సి.బి.ఎస్.తో కలిసి 2015 చివర దావా వేసింది. 2016లో సవరించిన దావాలో క్లింగన్ భాషను కూడా తన ఆస్తుల జాబితాలో చేర్చింది. ఒక భాషను ఎవరూ సొంతం చేసుకోలేరని కల్పిత భాషల సంఘమొకటి కోర్టుకు విన్నవించింది. 2017 జనవరిలో వ్యవహారం రాజీతో ముగిసింది. భాష ఎవరిదన్న ప్రశ్నకు కోర్టు జవాబు చెప్పలేదు. కంపెనీ మాట నిలిస్తే బిడ్డ నోట 'వావోయ్' కూడా కంపెనీ సరుకే. క్లింగన్ వ్యాకరణం పరిభాషలో చెప్పాలంటే ఆ కంపెనీ భాషకు 'విజ్' తగిలించింది. ఆ భాషను ప్రేమించినవాళ్లు 'వి' అంటున్నారు.

కథలు రాసే మిత్రులకు ఇందులో పనికొచ్చే సంగతులు రెండున్నాయి. మొదటిది: పాత్ర నోట 'బంగారం', 'కన్నా' అని పెట్టేముందు ఆ చనువు ఆ ఇంట్లో, ఆ వర్గంలో, ఆ బతుకులో ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. రోజంతా నాట్లువేసి వచ్చిన తల్లి బిడ్డను ఏమని పిలుస్తుందో పక్కన నిలబడి వినాలి. రెండవది: మనం శత్రువనుకునే పాత్రకు కూడా ఇంట్లో ఒక ముద్దుపిలుపు ఉంటుంది. క్లింగన్లను శత్రువులుగా పుట్టించిన పరిశ్రమే, వాళ్లకు భాషనివ్వాల్సి వచ్చినప్పుడు, నాన్నను ముద్దుగా పిలిచే మాటకు చోటివ్వక తప్పలేదు. దుర్మార్గుణ్ణి గీసేటప్పుడు ఆ మాటను చెరిపేసే రచయిత దుర్మార్గాన్ని అర్థం చేసుకోలేడు, దానికొక వేషం మాత్రం వేయగలడు.