బస్టాపు దగ్గర పుట్టిన సంఘం

ఫోన్లో ఒక్క నొక్కు... రెండోరోజుకల్లా గుమ్మంలో అట్టపెట్టె! అరల్లోంచి ఆ వస్తువుని వెతికి తీసిందెవరో, పెట్టెలో సర్ది అతికించిందెవరో మనకి తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచనా రాదు. అలా పెట్టెలు సర్దే మనుషులే న్యూయార్క్‌లో అమెజాన్‌ లాంటి సంస్థకి ఎదురు నిలిచి సంఘం పెట్టుకున్నారు. వాళ్ల పక్కనే తిరిగిన కెమెరా చెప్పిన కథే 'యూనియన్' డాక్యుమెంటరీ.

న్యూయార్క్ నగరంలో స్టాటెన్ ఐలాండ్ ఓ మూలకి విసిరేసినట్టుండే దీవి. అక్కడ 2018లో మొదలైంది అమెజాన్ గిడ్డంగి 'జేఎఫ్‌కే8'. విస్తీర్ణం 8 లక్షల చదరపు అడుగుల పైమాటే. 2022 నాటికి ఎనిమిది వేల మందికి పైగా పనిచేసిన చోటు. నగరంలోని ఇతర ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లు మెట్రో రైలు దిగి, ఫెర్రీలో నీళ్లు దాటి, మళ్లీ బస్సెక్కాలి. పది, పన్నెండు గంటల షిఫ్టు. చేతిలోని స్కానర్ ఎన్ని వస్తువులు తీశారో లెక్కపెడుతుంది. ఎంతసేపు ఆగిపోయారో కూడా!

ఆ గిడ్డంగిలో చిన్నపాటి సూపర్‌వైజర్ లాంటి ఉద్యోగం క్రిస్టియన్ స్మాల్స్‌ది. ఒకప్పుడు ర్యాప్ పాటలతో పైకి రావాలని కలలుగన్న కుర్రాడు. 2020 మార్చిలో కరోనా న్యూయార్క్‌ని కమ్మేసినప్పుడు, తోటివాళ్లకి రక్షణ లేదంటూ మార్చి 30న కొందరిని వెంటబెట్టుకుని బయటికొచ్చి నిరసన తెలిపాడు. అదేరోజు ఉద్యోగం పోయింది. క్వారంటైన్‌లో ఉండమంటే ఉండలేదు, దూరం పాటించలేదు... ఇదీ సంస్థ చెప్పిన కారణం.

కథ అక్కడితో ముగిసిపోయేదే. కానీ కొద్దిరోజులకి సంస్థ ఉన్నతాధికారుల సమావేశం తాలూకు నోట్ ఒకటి పత్రికలకి చిక్కింది. స్మాల్స్ తెలివైనవాడు కాదనీ, మాట్లాడటం కూడా సరిగా రాదనీ, అందుకే ఈ గొడవకంతటికీ అతన్నే ముఖంగా చూపిస్తే మనకే మంచిదనీ సంస్థ న్యాయవిభాగం అధిపతి అన్నట్టు అందులో ఉంది. రాసినవాళ్లు ఊహించలేదుగానీ, రెండేళ్ల తర్వాత జరిగింది అచ్చంగా అదే. అతనే ముఖమయ్యాడు!

మంటా... పిజ్జా!

2021 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రంలోని బెసెమర్ గిడ్డంగిలో సంఘం కావాలా వద్దా అన్న ఓటింగ్ ఫలితం వచ్చింది. ఓ పెద్ద జాతీయ సంఘం వెనకుండి నడిపించినా కార్మికులు వద్దనే అన్నారు. అక్కడికెళ్లి చూసొచ్చిన స్మాల్స్, అతని స్నేహితుడు డెరిక్ పామర్ మరో దారి పట్టారు. బయటి సంఘాలేవీ వద్దు, గిడ్డంగిలో పనిచేసేవాళ్లే సొంతంగా పెట్టుకుందాం అనుకున్నారు. అలా పుట్టింది అమెజాన్ లేబర్ యూనియన్. ఆఫీసు లేదు. గిడ్డంగి ఎదురుగా ఉన్న బస్టాపు పక్కనే ఓ గుడారం, మడత కుర్చీలు, బల్ల... అంతే.

పన్నెండు గంటల షిఫ్టు దిగి బస్సుకోసం చూసేవాళ్లకి అక్కడ వేడివేడి పిజ్జా, కాల్చిన మాంసం. చలికాలంలో చుట్టూ కూర్చోడానికి మంట. న్యూయార్క్‌లో గంజాయి అప్పటికే నేరం కాదు కాబట్టి అదీ పంచారు(సినిమా ఈ సంగతి దాచలేదు). తింటూ మాటల్లో పడ్డాక సంతకం అడిగేవారు. గిడ్డంగి లోపల నిలబడి మాట్లాడుకునే తీరికే ఉండదు. పక్క అరల దగ్గర ఏడాదిగా పనిచేస్తున్న మనిషి పేరు కూడా తెలియనివాళ్లు ఈ బస్టాపులో పరిచయమయ్యారు.

గుడారం వెలసిన ఆ ఏడాదే, జులై 20న, సంస్థ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ సొంత రాకెట్‌లో అంతరిక్షం అంచుల దాకా వెళ్లొచ్చాడు. దిగీ దిగగానే అమెజాన్ ఉద్యోగులకీ, కొనుగోలుదారులకీ ధన్యవాదాలు చెప్పాడు. దీనికంతటికీ డబ్బు కట్టింది మీరేనన్నాడు. ఆ మాట విని కార్మికులు చప్పట్లు కొట్టి ఉంటారని అనుకోలేం.

ఓటింగ్ దాకా వెళ్లడం కూడా అంత సులువేం కాదు. అమెరికా చట్టం ప్రకారం ముందు కనీసం 30 శాతం మంది ఉద్యోగులు సంతకాలు చెయ్యాలి. అప్పుడుగానీ జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఎన్నిక పెట్టదు. 2021 అక్టోబరులో సంఘం దరఖాస్తు ఇచ్చి, చాలినన్ని సంతకాలు లేక నవంబరులో వెనక్కి తీసుకుంది. కారణం చిత్రమైంది... సంతకం చేసినవాళ్లలో చాలామంది అప్పటికే ఉద్యోగంలో లేరు! కరోనాకు ముందే అమెజాన్ గిడ్డంగుల్లో గంటల లెక్కన పనిచేసేవాళ్లు ఏడాదికి 150 శాతం చొప్పున మారిపోతుండేవారని 2021లో 'న్యూయార్క్ టైమ్స్' లెక్క తేల్చింది. చిల్లుకుండతో నీళ్లు తోడటమే మరి. సంఘం మళ్లీ మొదటినుంచీ తిరిగి, డిసెంబరులో రెండో దరఖాస్తు ఇచ్చింది.

దొంగచాటు దృశ్యాలు

ఈ ప్రయాణాన్నంతా చిత్రించింది బ్రెట్ స్టోరీ, స్టీఫెన్ మేయింగ్. స్టోరీ కెనడాకు చెందిన దర్శకురాలు. మేయింగ్ అంతకుముందు న్యూయార్క్ పోలీసుశాఖలోని లోపాల్ని బయటపెట్టిన పోలీసుల మీద 'క్రైమ్ + పనిష్‌మెంట్' తీశాడు. 'యూనియన్'లో వెనకనుంచి వివరించే గొంతు ఉండదు. నిపుణుల ఇంటర్వ్యూలుండవు. కెమెరా ఊరికే ఆ గుడారం కింద కూర్చుంటుంది.

గిడ్డంగిలోకి కెమెరాని రానివ్వరు. అందుకే లోపలి దృశ్యాల్ని కార్మికులే ఫోన్లలో తీశారు. సినిమాలో ఊపిరి బిగబట్టి చూసేది వీటినే. పని వేళల్లోనే కార్మికుల్ని గదిలో కూర్చోబెట్టి, సంఘంలో చేరితే ఏమేం పోతాయో చెబుతుంటారు సంస్థ నియమించిన సలహాదారులు. లేచి ఎదురు ప్రశ్నలు వేసే కార్మికులు, వాళ్లని బయటికి పొమ్మనే అధికారులు... అంతా వణికే ఫోన్ కెమెరాలో కనిపిస్తుంది. ఇలాంటి సలహాదారుల మీద అమెజాన్ 2021లో 43 లక్షల డాలర్లు, 2022లో కోటీ 42 లక్షల డాలర్లు ఖర్చుపెట్టినట్టు ప్రభుత్వానికి ఇచ్చిన పత్రాలే చెబుతున్నాయి. సంఘం చేతిలో ఉన్నదల్లా విరాళాలుగా వచ్చిన లక్షా 20 వేల డాలర్లు. ఈ బలవంతపు సమావేశాలు చట్టవిరుద్ధమని 2024 నవంబరులో కార్మిక బోర్డు తీర్పిచ్చింది. ఆ తీర్పుకి ఆధారం ఈ గిడ్డంగి కేసే.

అయితే కార్మికులంతా మంచివాళ్లు, సంస్థ ఒక్కటే చెడ్డది అన్నట్టు తీసుంటే ఈ సినిమా గురించి ఇంతగా చెప్పుకోవాల్సిన పనిలేదు. సంఘంలోని కీచులాటలన్నీ ఇందులో ఉన్నాయి. ఆన్‌లైన్ సమావేశాల్లో అరుపులు, అలకలు. స్మాల్స్ ఎవరి మాటా వినడన్న ఫిర్యాదులు. ఆడవాళ్ల మాటకి విలువివ్వరన్న బాధ. వాళ్లలో ఓ మహిళకి సొంత ఇల్లు లేదు, కారులోనే కాపురం. సంఘం అవసరం ఆమెకంటే ఎక్కువ ఎవరికుంటుంది? అలాంటి మనిషే విసిగిపోయి, అనుభవమున్న పెద్ద సంఘమైతేనే నయమంటూ తప్పుకుంటుంది. ఆమె కోపంలో న్యాయముందనిపిస్తుంది. స్మాల్స్ పట్టుదల లేకపోతే ఆ గుడారమే ఉండేది కాదనీ అనిపిస్తుంది. ఎవరిది తప్పో సినిమా తేల్చదు.

2022 ఫిబ్రవరిలో కార్మికులకి భోజనం తెచ్చిన స్మాల్స్‌ని గిడ్డంగి ఆవరణలో పోలీసులు అరెస్టు చేశారు. నెల తర్వాత, మార్చి 25న ఓటింగ్ మొదలైంది. ఏప్రిల్ 1న లెక్క తేలింది. సంఘం కావాలన్నవాళ్లు 2,654. వద్దన్నవాళ్లు 2,131. అమెరికాలోని అమెజాన్ కేంద్రాల్లో కార్మికులు సంఘాన్ని గెలిపించుకోవడం అదే మొదటిసారి. లెక్కింపు కార్యాలయం బయట షాంపేన్ పొంగింది. మే నెలలో స్మాల్స్ శ్వేతసౌధంలో అధ్యక్షుడు బైడెన్‌ని కలిశాడు.

కొనేవాళ్లేరీ?

సంబరం ఎక్కువకాలం నిలవలేదు. రోడ్డుకి అవతలున్న ఎల్‌డీజే5 కేంద్రంలో అదే ఏడాది మేలో ఫలితం వచ్చింది... కావాలన్నవి 380, వద్దన్నవి 618. అక్టోబరులో ఆల్బనీ దగ్గర గిడ్డంగిలోనూ ఓటమే. సంఘంలోనే ఓ వర్గం నాయకత్వ ఎన్నికలు పెట్టాలంటూ 2023లో కోర్టుకెక్కింది. అమెజాన్ ఓటింగ్ ఫలితాన్నే ఒప్పుకోలేదు. 2023 జనవరిలో కార్మిక బోర్డు అధికారి సంఘం గెలుపుని ఖరారు చేసినా సంస్థ వాదన మారలేదు.

సినిమాదీ దాదాపు అదే దారి. 2024 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. డిసెంబరులో ఆస్కార్ తుది వడపోతకి ముందు ఎంపికచేసే 15 డాక్యుమెంటరీల జాబితాలోనూ నిలిచింది. కానీ పెద్ద పంపిణీ సంస్థ గానీ, స్ట్రీమింగ్ వేదిక గానీ కొనడానికి ముందుకు రాలేదు. అమెజాన్‌కే ఓ స్ట్రీమింగ్ వేదిక ఉన్న రోజుల్లో ఇందులో ఆశ్చర్యం ఏముంది! చివరికి తీసినవాళ్లే 2024 అక్టోబరులో థియేటర్లకి తీసుకెళ్లారు.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకు అనుకోవడానికీ లేదు. ఇదే సంస్థ గిడ్డంగి మన శంషాబాద్‌ దగ్గరా ఉంది. హరియాణాలోని మానేసర్ గిడ్డంగిలో లక్ష్యం పూర్తయ్యేదాకా మంచినీళ్లకీ, మరుగుదొడ్డికీ వెళ్లబోమని కార్మికులతో ప్రమాణం చేయించారన్న వార్తల మీద 2024 జూన్‌లో జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్రానికి నోటీసు ఇచ్చింది.

బయటి సంఘాలేవీ వద్దనుకుని మొదలైన అమెజాన్ లేబర్ యూనియన్ 2024 జూన్‌లో టీమ్‌స్టర్స్ అనే పెద్ద జాతీయ సంఘంలో చేరడానికి భారీ మెజారిటీతో ఓటేసింది. ఆ తర్వాతి నెలలో కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకుంది. గుడారం వేసిన నాటినుంచీ సంఘంలో ఉండి, తర్వాత స్మాల్స్‌తో విభేదించి బయటికెళ్లిన కానర్ స్పెన్స్‌కి ఆ కుర్చీ దక్కింది. కారులో బతికిన ఆ మహిళ ఎప్పుడో అడిగింది ఇలాంటి పెద్ద సంఘాన్నే.

ఆ ఏడాది డిసెంబరులో, క్రిస్మస్ ముందు పార్సిళ్లు కుప్పలుగా పడే రోజుల్లో, జేఎఫ్‌కే8 కార్మికులు సమ్మెకి దిగారు. అడిగింది కొత్తదేం కాదు. 2,654 ఓట్లతో గెలిచిన సంఘంతో సంస్థ ఒక్కసారి ఎదురుగా కూర్చుని మాట్లాడాలని.