బస్సు దిగాక మిగిలే దూరం

రాత్రిపూట బస్సుల్లో ఆడవాళ్ల భద్రత మీద రాయాలని చెప్పినప్పుడు ఎడిటర్ గారి మనసులో ఉన్నది మహానగరం. నేనుండేది టూవూంబాలో. ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌కు దాదాపు 125 కిలోమీటర్ల పడమర, కొండకొమ్మున ఉన్న లక్షన్నర జనాభా ఊరు. అయినా ఇక్కడినుంచే మొదలుపెడతాను. రాత్రి ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలిసొచ్చింది ఈ ఊళ్లోనే.

జూన్‌లో ఇక్కడ సాయంత్రం 5 దాటగానే పొద్దు గూకుతుంది. ఆరు కాకముందే చీకటి. వెడల్పాటి వీధుల్లో మనిషి అలికిడి ఉండదు. పగలు ముచ్చటగొలిపే పెద్ద చెట్లే రాత్రి వీధిదీపాల వెలుగును మింగేస్తాయి. వచ్చిన కొత్తలో ఒక వృద్ధాశ్రమంలో సాయంత్రం షిఫ్టు చేసేదాన్ని. 9.30కి అయిపోయేది. మా పేటకు ఆఖరి బస్సు అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయి ఉండేది. ట్యాక్సీ ఎక్కితే గంటకు పైగా చేసిన కష్టం దానికే సరి. వారంలో రెండు మూడు రాత్రులు నడిచేదాన్ని, చెవి దగ్గర ఫోన్‌లో అమ్మ. హైదరాబాదులో అప్పుడు సాయంత్రం 5. అక్కడింకా ఎండ. ఇంటికెలా వెళ్తావని రోస్టరు రాసినవాళ్లు ఒక్కసారీ అడగలేదు.

2024 ఆగస్టు 5 నుంచి మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ప్రజా రవాణా నడిపే ట్రాన్స్‌లింక్ బస్సు, రైలు, ఫెర్రీ దేనికైనా టికెట్టు 50 సెంట్లే. తర్వాత దాన్ని శాశ్వతం చేశారు. మంచి పని. కానీ టూవూంబాలో చాలా రూట్లు సాయంత్రంతోనే ఆగిపోతాయి, ఆదివారం మరీ తక్కువ. నా దృష్టిలో ఆడవాళ్ల భద్రత గురించి మొదట చదవాల్సిన కాగితం స్టాపులో అంటించిన టైంటేబులే.

మన దగ్గరి చరిత్ర గబగబా చెప్పేస్తాను. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో మునిర్కా దగ్గర ఒక యువతి ఎక్కిన ప్రైవేటు బస్సులో ఆమెపై సామూహిక అత్యాచారం, మరుసటి ఏడు ఆమెకు పెట్టిన పేరుతోనే మహిళల భద్రతకు నిర్భయ నిధి, 2014 అక్టోబరులో హైదరాబాదులో వేధింపులను అరికట్టే పోలీసు బృందాలు షీ టీమ్స్, 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ ఘటన, 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిదే స్త్రీశక్తి.

ఈ వ్యాసం కోసం చేసిన వెతుకులాటలో నన్ను పట్టి నిలిపింది మాత్రం ఒక చిన్న నియమం. కెనడాలోని మాంట్రియల్‌లో 1996లో మొదలైంది. దాని ఫ్రెంచి పేరుకు ‘రెండు స్టాపుల మధ్య’ అని అర్థం. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్లే మహిళ ఎక్కడ దిగాలో ముందుగా చెబితే, అక్కడ స్టాపు లేకపోయినా డ్రైవరు ఆపుతాడు. ఆపడానికి అనువైన చోటా కాదా అన్నది అతని నిర్ణయం. దిగడం ముందు తలుపు నుంచే. ఆ ముందు తలుపు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వెనక తలుపు నుంచి దిగితే వెంట ఎవరు దిగారో డ్రైవరుకు కనిపించదు. ముందు నుంచైతే కనిపిస్తుంది. ఆ నియమం రాసినవాళ్లకు ఆ భయం తెలుసుననిపించింది.

2022 జూలైలో, సజ్జనార్ ఎండీగా ఉండగా, తెలంగాణ ఆర్టీసీ గ్రేటర్ హైదరాబాద్‌లో ఇలాంటిదే తెచ్చింది: రాత్రి 7.30 దాటాక ఆడవాళ్లు అడిగిన చోట బస్సు ఆపాలి. నాకు ఆర్టీసీ అంటే చిన్నప్పటినుంచీ ప్రేమ, దాచుకోను. కండక్టర్ ‘హోల్డాన్’ అని అరిస్తే అంత పెద్ద బస్సూ ఒక మనిషి కోసం ఆగేది. ఈ నియమం ఆ కేకను ఆడవాళ్లకు హక్కుగా ఇచ్చింది. స్టాపు వైన్‌షాపు ముందుంటే, అది దాటి మన సందు మొదట్లోనే దిగొచ్చు. దీనికి కొత్త కెమెరా అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. బస్సులో భయం కంటే బస్సు దిగాక మిగిలే ఆ మూడొందల అడుగులే ఎక్కువ భయపెడతాయని నడిచినదానిగా చెబుతున్నాను. అయితే డ్యూటీలో ఉన్న ప్రతి డ్రైవరుకూ, కండక్టర్‌కూ ఇది తెలియాలి, బస్సు లోపల తెలుగులో, ఉర్దూలో రాసి ఉండాలి. అడగొచ్చని తెలియని అమ్మాయి అడగదు.

నాకున్న పేచీ ఆ 7.30తోనే. మాంట్రియల్‌లో వేసవిలో పొద్దు పొడుగు గనుక నియమం అప్పుడు ఇంకా ఆలస్యంగా మొదలవుతుంది. అంటే వాళ్లు చూసింది పొద్దును. హైదరాబాదులో డిసెంబరు మొదట్లో 5.45 లోపే సూర్యుడు అస్తమిస్తాడు, నియమం మొదలవడానికి ఇంకా దాదాపు రెండు గంటలు. చలికాలంలో దాన్ని 6కి జరపాలి. టూవూంబాలోనైతే జూన్, జులైలలో 5.30కే మొదలుకావాలి. దానికంటే ముందు, సాయంత్రం షిఫ్టు దిగేవాళ్లకు రాత్రి 10కి ఒక బస్సు ఉండాలి.

ఫోన్‌లో పెట్టుకోండి

ఆస్ట్రేలియాలో ప్రాణాపాయమైతే 000. అంత అత్యవసరం కానప్పుడు క్వీన్స్‌లాండ్ పోలీసులకు 131 444. భారతదేశంలో 112. తెలంగాణలో 2024 మార్చిలో వచ్చిన టీ-సేఫ్ సేవ మీ ప్రయాణాన్ని పోలీసులు గమనించేలా చేస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా 100కి చేసి 8 నొక్కితే చాలు.