వేడి లెక్క: నీటిలో ఆమ్లమా, ఆమ్లంలో నీరా?



తనిఖీకి వచ్చినప్పుడు మేము ముందుగా అడిగేది ప్రారంభ నిల్వ, ఆ తరువాత ముగింపు నిల్వ. దాణా గదిలో నెల మొదట 40 బస్తాలు ఉండి నెలాఖరుకు 28 మిగిలితే, 12 బస్తాలు బయటికి వెళ్లినట్లు లెక్క. అవి ఏ రోజున, ఎవరి బండి మీద వెళ్లినా తేడా మాత్రం 12 బస్తాలే. రసాయన చర్యలలో పుట్టే వేడిని కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో లెక్క కట్టవచ్చు. ఈ లెక్క పాల సంఘాలకు ఎందుకని అనుకోవద్దు. దీని అవసరం ఒక ప్రమాదం వల్ల మాకు తెలిసివచ్చింది.

కొన్నేళ్ల క్రితం మేము తనిఖీ చేసే సంఘాలలో ఒకదానిలో, వెన్న పరీక్ష చేసే కుర్రవాడు గాఢ గంధకామ్లాన్ని పలచన చేయబోయి, ఆమ్లం ఉన్న పాత్రలో చెంబుతో నీరు పోశాడు. ఆమ్లం ఒక్కసారిగా చిమ్మి మెడ, చెంప కాలాయి. ముఖం పక్కకు తిప్పడం వల్ల కళ్లు దక్కాయి. పాలకవర్గం తీర్మానంలో "టెస్టరు అజాగ్రత్త" అని రాశారు. మేమూ దాని కింద సంతకం పెట్టాము. కాని ఇంటికి వెళ్లే దారిలో మాకు మనసు ఒప్పలేదు. "నీటిలోనే ఆమ్లం పోయాలి" అన్న కాగితం అక్కడ గోడకు ఉన్నమాట నిజమే. ఎందుకు అలా పోయాలో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. డిప్లొమాలో ఆ కారణం చదువుకున్న మేమూ చెప్పలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాము.

పదార్థంలోని నిల్వ

ప్రతి పదార్థంలోనూ కొంత శక్తి నిల్వ ఉంటుంది. మూత లేని పాత్రలో, మామూలు గాలి పీడనం దగ్గర చర్య జరిగినప్పుడు లెక్కకు తీసుకునే ఈ నిల్వను ఎంథాల్పీ అంటారు. చర్య తరువాతి నిల్వలోంచి చర్య ముందరి నిల్వను తీసివేస్తే వచ్చేది ఎంథాల్పీ మార్పు. నిల్వ తగ్గితే గుర్తు మైనస్. తగ్గిన మేరకు వేడి బయటికి వస్తుంది. దీన్ని ఉష్ణమోచక చర్య అంటారు. నిల్వ పెరిగితే గుర్తు ప్లస్. ఆ పెరిగిన వేడిని చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది. ఇది ఉష్ణగ్రాహక చర్య.

వేడిని కొలిచే ప్రమాణం కిలోజౌల్. 1 లీటరు నీటిని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు. పదార్థాల నిల్వలు పుస్తకాలలో మోల్ లెక్కన ఇస్తారు. మోల్ అంటే ఆ పదార్థానికి నిర్ణయించిన ఒక తూకం. రాతి సున్నానికి అది 56 గ్రాములు, నీటికి 18, యూరియాకు 60.

సున్నం లెక్క

సంఘం గోడలకు వెల్ల వేయడానికి సున్నం నానబెట్టడం అందరూ చూసినదే. పొయ్యి లేకుండానే సున్నం కుతకుత ఉడుకుతుంది. ఆ వేడి ఎంతో చూద్దాము.

పుస్తకంలో రాతి సున్నం నిల్వ మైనస్ 635, నీటి నిల్వ మైనస్ 286, తడిసిన సున్నం నిల్వ మైనస్ 986 కిలోజౌళ్లు. మూలకాల నిల్వను సున్నగా పెట్టుకుని కట్టిన లెక్కలు కనుక మైనస్ అంకెలు వచ్చాయి. దానికి కంగారు పడనక్కరలేదు. ముందరి నిల్వ 635, 286 కలిపి మైనస్ 921. తరువాతి నిల్వ మైనస్ 986. తేడా మైనస్ 65. అంటే 56 గ్రాముల సున్నం తడిస్తే 65 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. కిలో సున్నంలో సుమారు 17.9 మోళ్లు ఉంటాయి కాబట్టి మొత్తం వేడి దాదాపు 1,160 కిలోజౌళ్లు.

కిలో సున్నాన్ని 5 లీటర్ల నీటిలో వేస్తే, 1 డిగ్రీ పెరగడానికి 21 కిలోజౌళ్లు కావాలి. 1,160ని 21తో భాగిస్తే 55. అంటే 30 డిగ్రీల నీరు 85కు చేరుతుంది. అదే 2 లీటర్లలో వేస్తే లెక్క ప్రకారం 138 డిగ్రీలు పెరగాలి. నీరు 100 దగ్గరే మరుగుతుంది గనుక మిగిలిన వేడి నీటిని ఆవిరి చేసి సున్నాన్ని పైకి ఎగజిమ్ముతుంది. బజారు సున్నంలో రాయి కలిసి ఉంటుంది, కొంత వేడి గాలికి పోతుంది. కాబట్టి అసలు అంకెలు కొంత తగ్గుతాయి. అయినా నీరు తక్కువైతే ప్రమాదం ఎక్కువన్న సంగతి మారదు. పిల్లలను సున్నం తొట్టి దగ్గరకు రానీయవద్దు.

యూరియా లెక్క

ఎండుగడ్డిని యూరియాతో మాగబెట్టే సభ్యులు దీనికి ఎదురు సంగతి గమనించే ఉంటారు. యూరియా కలిపిన నీరు చేతికి చల్లగా తగులుతుంది. ఒక మోల్ యూరియా కరగడానికి సుమారు 15 కిలోజౌళ్లు లాక్కుంటుంది. 100 కిలోల గడ్డికి వాడే 4 కిలోల యూరియాలో దాదాపు 67 మోళ్లు ఉంటాయి. అంటే సుమారు 1,000 కిలోజౌళ్లు. 50 లీటర్ల నీటిలో కలిపితే నీరు 4 నుంచి 5 డిగ్రీలు చల్లబడుతుంది. చల్లగా ఉన్నదని పశువు మూతి పెట్టకుండా చూసుకోవాలి. ఆ నీరు తాగితే పశువు ప్రాణానికే ముప్పు.

దారి ఏదైనా మొత్తం ఒకటే

జెనీవాలో పుట్టి రష్యాలో పనిచేసిన హెస్ అనే శాస్త్రవేత్త 1840లో ఒక నియమం చెప్పాడు. మొదలు, చివర ఒకటే అయితే, చర్య ఒక మెట్టులో జరిగినా నాలుగు మెట్లలో జరిగినా మొత్తం వేడి ఒకటే. మన దాణా బస్తాల లెక్క ఇదే. ఆ నియమం ప్రకారం నీటిలో ఆమ్లం పోసినా, ఆమ్లంలో నీరు పోసినా పుట్టే మొత్తం వేడి సమానమే. మరి వరుస తప్పితే ప్రమాదమెందుకు?

ఆమ్లం లెక్క

98 శాతం గాఢత గల ఆమ్లం 1 లీటరు తూకం 1.84 కిలోలు. గెర్బర్ పరీక్షకు సుమారు 91 శాతం ఆమ్లం కావాలి. దానికి కలపవలసిన నీరు 140 మిల్లీలీటర్లు, గ్లాసుకు కాస్త తక్కువ. ఇంత కొద్ది నీటికే సుమారు 235 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఆమ్లం నీటికన్నా తొందరగా వేడెక్కుతుంది; ఈ మిశ్రమం మొత్తం 1 డిగ్రీ పెరగడానికి 3.2 కిలోజౌళ్లు చాలు. కనుక పెరుగుదల సుమారు 75 డిగ్రీలు. 30 దగ్గర మొదలైతే 105 దాకా పోతుంది.

ఇప్పుడు నీటి సంగతి చూడండి. ఆ 140 మిల్లీలీటర్ల నీరు 30 నుంచి 100 డిగ్రీలకు చేరడానికి 41 కిలోజౌళ్లు చాలు. పుట్టే వేడిలో అది ఐదో వంతు కూడా కాదు. నీరు తేలిక, ఆమ్లం బరువు. ఆమ్లం మీద నీరు పోస్తే అది పైనే తేలి, రెండూ కలిసే పలుచటి పొరలోనే వేడంతా పుడుతుంది. ఆ పొరలోని నీరు మరిగి ఆవిరై, చుట్టూ ఉన్న ఆమ్లాన్ని మోసుకుని ముఖం మీదికి లేస్తుంది. నీటిలో ఆమ్లాన్ని సన్నటి ధారగా, ఆగి ఆగి పోస్తే, బరువైన ఆమ్లం కిందికి దిగి కలుస్తుంది. కొద్దికొద్దిగా పుట్టే వేడి చల్లారడానికి వ్యవధి ఉంటుంది. మొత్తం వేడి మారలేదు. అది పుట్టే చోటు, పుట్టే వేగం మారాయి. ఆ కుర్రవాడికి మేము చెప్పవలసింది ఈ ముక్కే.

బ్యుటిరోమీటరు సందేహం

"బ్యుటిరోమీటరులో ముందు ఆమ్లం పోసి దానిమీద పాలు పోస్తాము కదా?" అని కొందరు టెస్టర్లు అడుగుతారు. మంచి ప్రశ్న. అక్కడ ఆమ్లం 10 మిల్లీలీటర్లే. 10.75 మిల్లీలీటర్ల పాలను గోడ వెంట నిదానంగా జార్చి, కలవకుండా పొరగా నిలుపుతాము. 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి, గుడ్డ చుట్టిన తరువాతే కుదుపుతాము. అప్పుడు పుట్టే వేడి సుమారు 5.5 కిలోజౌళ్లు. చేత్తో పట్టలేనంత ఆ వేడి, ఆమ్లంతో కలిసి, పాలలోని మాంసకృత్తులను కరిగించి వెన్నను విడదీస్తుంది. గెర్బర్ 1891లో కనిపెట్టిన ఈ పద్ధతి పనిచేసేదే ఈ వేడితో. బిరడా వదులైతే మాత్రం అదే వేడి మనకు శత్రువు.

సంఘాలు చేయవలసినవి

1. వీలైనంతవరకు తగిన గాఢత గల ఆమ్లాన్నే తెప్పించుకోవాలి. సంఘంలో పలచన చేసే పని పెట్టుకోవద్దు.

2. తప్పనిసరైతే శిక్షణ పొందినవారే, వేడికి ఓర్చే గాజు పాత్రను చల్లని నీటి తొట్టిలో ఉంచి, నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు, ఆప్రాన్ వేసుకోవాలి.

3. పరీక్ష బల్ల పక్కనే నిండు బకెట్టు నీరు, చెంబు ఎప్పుడూ ఉండాలి. ఆమ్లం ఒంటి మీద పడితే వెంటనే ధారాళంగా నీరు పోస్తూ 20 నిమిషాలు కడగాలి, తడిసిన బట్టలు విప్పాలి, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

4. కాలినచోట సున్నపు నీరు, సోడా రాయవద్దు. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు కూడా వేడి పుడుతుంది. ధారాళమైన నీరైతే ఆమ్లాన్నీ వేడినీ రెంటినీ మోసుకుపోతుంది.

ఇప్పుడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. అయినా యంత్రం అంకె మీద అనుమానం వచ్చినప్పుడు గెర్బర్ పరీక్షతో సరిచూసుకునే చోట్లు ఉన్నాయి. ఆమ్లం సీసా ఉన్న ప్రతి సంఘంలోనూ ఈ లెక్కను టెస్టరుకు చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు పద్దు పుస్తకాలకన్నా ముందు బల్ల పక్కన నీళ్ల బకెట్టు ఉన్నదో లేదో చూస్తాము.