కూలింగ్ ఉన్నదా?

భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద, ఏప్రిల్ ఎండలో ఏ బడ్డీకొట్టు దగ్గర బండి ఆగినా మొదట వినపడేది బ్రాండ్ పేరు కాదు. "అక్కా, కూలింగ్ ఉన్నదా?" అని అడుగుతారు. ఉన్నదంటేనే స్టాండు వేస్తారు. థమ్సప్పా, స్ప్రైటా, క్యాంపానా అన్న మాట ఆ తర్వాతే. కోట్లు కుమ్మరించి దేశమంతా నడిపే కూల్‌డ్రింకుల పోటీ అర్థం కావాలంటే ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

కొంచెం వెనక్కి వెళదాం. విదేశీ కంపెనీలు ఇక్కడి వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని 1973 నాటి ఫెరా చట్టం చెప్పింది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక పరిశ్రమల మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ ఆ మాట మీద గట్టిగా నిలబడ్డారు. ఫార్ములా చేయి దాటిపోతుందని కోకా-కోలా దేశం విడిచి వెళ్లిపోయింది. ఆ జాగాలోకి ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ చేత 'డబుల్ సెవెన్' తయారు చేయించింది. అది నిలబడలేదు. అంతకుముందు కోకా-కోలానే సీసాల్లో నింపిన ఢిల్లీ కంపెనీ ప్యూర్ డ్రింక్స్ క్యాంపా కోలా తెచ్చింది. పార్లే తరఫున రమేశ్ చౌహాన్ సోదరులు థమ్సప్ తెచ్చారు.

థమ్సప్ తయారీలో వాళ్లు పెట్టుకున్న ఒక నియమం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. సీసా మంచులా చల్లగా లేకపోయినా గ్యాసు తగ్గకూడదు, ఘాటు తెలియాలి. తోపుడుబండి మీద, ఫ్రిజ్ లేని కొట్టులో కూడా అమ్ముడుపోవాలన్నది వాళ్ల ఆలోచన. మన ఊళ్లను చూసి చేసిన డ్రింకు అది. తెలుగు నేల మీద దానికి అంత గట్టి పట్టు దొరకడానికి మన కారం తిండి కారణమని చాలామంది అంటారు. కావచ్చు. నేనైతే కరెంటు కోతలను కూడా ఆ లెక్కలో వేస్తాను.

చిన్నప్పుడు మా ఊరి సంతలో చూసిన కొట్టు ఇంకా కళ్లముందే ఉంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మను గోనెసంచిలో చుట్టి, బస్సు టాపు మీద వేసి తెచ్చేవాళ్లు. చెక్కపెట్టెలో ఊక పోసి, ఐసు పగలగొట్టి, సీసాలు అందులో గుచ్చేవాళ్లు. ఓపెనర్‌ని పురికొసతో పెట్టెకు కట్టేసేవాళ్లు. తాగినంతసేపూ కొట్టతను మన చేతిలోని సీసానే చూస్తూ ఉండేవాడు. సీసా పగిలితే నష్టం తనదే. అడుగున ఉన్న సీసా కోసం మోచేతి దాకా చేయి ఐసునీళ్లలో ముంచి తీసినప్పుడు, ఆ చేతి రోమాలకు ఊక అంటుకుని ఉండేది.

1990లో లెహర్ పెప్సీ పేరుతో పెప్సీ మార్కెట్లోకి దిగింది. 1993లో కోకా-కోలా తిరిగి వచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజాలను పార్లే నుంచి కొనేసింది. నిజానికి వాళ్లకు అత్యవసరంగా కావాల్సింది ఆ పేర్లు కాదు, పేర్ల వెనక ఊరూరా ఉన్న బాట్లింగ్ ప్లాంట్లు, డీలర్లు. కొన్నాక సొంత కోలాని ముందుకు నెట్టి థమ్సప్‌ని కొన్నాళ్లు పట్టించుకోలేదు. థమ్సప్ మానేసినవాడు కోక్ తాగుతాడన్న గ్యారంటీ లేదు, పెప్సీకి పోతాడు. ఆ సంగతి తెలిశాక మళ్లీ దాన్నే భుజానికెత్తుకున్నారు. 2021కల్లా థమ్సప్ అమ్మకాలు వంద కోట్ల డాలర్లకు చేరాయి.

మన సినిమావాళ్లు ఈ పోటీకి ఇచ్చిన బలం తక్కువది కాదు. చిరంజీవి కోకా-కోలా కంపెనీకి ప్రచారం చేస్తున్న రోజుల్లోనే, 2001లో, తమ్ముడు పవన్ కల్యాణ్ పెప్సీ వైపు నిలబడ్డారు. 2025లో చిరంజీవి కొడుకు రామ్‌చరణ్ క్యాంపాకు వచ్చారు. అంటే ఒక్క ఇంట్లోంచి మూడు కంపెనీలకూ ముఖాలు దొరికాయి. మహేశ్‌బాబు ఏళ్లపాటు థమ్సప్ చేసి, తర్వాత పెప్సీ కంపెనీవాళ్ల మౌంటెన్ డ్యూకి మారారు. అభిమానం ఎంత ఉన్నా, కొట్టులో లేని డ్రింకును ఏ హీరో తాగించలేడు. ఉన్నా చల్లగా లేకపోతే అంతే సంగతి.

అసలు లెక్క సీసాలో ఉంది. కూల్‌డ్రింకులో పదింట దాదాపు తొమ్మిది వంతులు నీళ్లే. పెద్ద కంపెనీ పంపేది చిక్కటి మూలద్రావణం. దానికి నీళ్లు, పంచదార, గ్యాసు కలిపి నింపేది బాట్లింగ్ ప్లాంటు. అక్కడి నుంచి లారీలో వచ్చేది ఎక్కువగా నీళ్ల బరువే కాబట్టి దూరం పెరిగేకొద్దీ లాభం కరుగుతుంది. గాజుసీసా ఉన్న రోజుల్లో ఆ ఖర్చు రెండింతలు. నిండు కేసులు ఏజెన్సీ దాకా రావాలి, ఖాళీలు మళ్లీ వెనక్కి పోవాలి. ఎవరి దగ్గర లక్షల సీసాలూ, వాటిని తిప్పే లారీలూ ఉంటే వాళ్లదే రాజ్యం. కొత్తవాడు రావాలంటే ముందు గాజు మీద పెట్టుబడి పెట్టాలి. ప్లాస్టిక్ సీసా ఆ గోడను పడగొట్టింది.

క్యాంపా మళ్లీ పుట్టింది ఆ సందులోంచే. 2022లో రిలయన్స్ ఆ పాత పేరును దాదాపు 22 కోట్లకు కొని, 2023 మార్చిలో మార్కెట్లోకి వదిలింది. మొదట దించింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. థమ్సప్ కోట అనుకునే చోటే మొదటి దెబ్బ వేసింది. 200 మిల్లీలీటర్లు పది రూపాయలు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, 2003లో కోకా-కోలా కూడా చిన్న సీసాను ఐదు రూపాయలకు ఇచ్చి పల్లెల్లోకి దూరింది. కూలి డబ్బులతో సంతకు వచ్చిన మనిషికి పది, ఇరవైల మధ్య తేడా చాలా పెద్దది. పది నోటు ఒకటి తీసి ఇచ్చేస్తే చిల్లర గొడవ కూడా ఉండదు. ఆ పదిలో దాదాపు మూడు రూపాయలు పన్ను, ఎందుకంటే గ్యాసు డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. మిగిలినదాంట్లోంచే సీసా, పంచదార, లారీ, డీలరు, కొట్టు అందరికీ రావాలి.

ఇంత పోటీలో మన సొంత డ్రింకులు ఏమయ్యాయి? గోదావరి దిగువన రామచంద్రపురంలో 1919లో మొదలైన ఆర్టోస్ ఇప్పటికీ బతికే ఉంది. రెండు మహాసంస్థల మధ్య నూరేళ్లు దాటి నిలబడటం చిన్న విషయం కాదు. ప్లాంటుకు దగ్గరి ఊళ్లనే నమ్ముకోవడం దానికి మేలు చేసిందని నా అభిప్రాయం. ఇక భద్రాచలంలో శ్రీరామనవమి నాడు పానకం తాగని గొంతు ఉండదు. బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్లు, అంతే. కల్యాణం ముగిసి జనం రోడ్డెక్కగానే అదే గొంతు కోలా అడుగుతుంది. మామూలు కోలా 200 మిల్లీలీటర్లలో దాదాపు 20 గ్రాముల పంచదార ఉంటుంది. పానకంలోనూ తీపి తక్కువేమీ కాదు. కానీ పానకం పండగకు తాగుతాం, కోలా రోజూ తాగుతున్నాం. కోయగూడేల పిల్లలకు అది రోజువారీ అలవాటు కావడం నాకు బాధగా ఉంది. తాగేసిన ప్లాస్టిక్ సీసాలు అడవి వాగుల్లో తేలడం ఇంకా బాధ. గాజుసీసాకు వెనక్కి పోయే దారి ఉండేది, దీనికి లేదు.

చివరికి పోటీ అంతా వచ్చి ఆగేది ఫ్రిజ్ దగ్గర. కంపెనీలు కొట్టుకు అద్దం తలుపు ఫ్రిజ్‌ని ఇస్తాయి, అందులో తమ సరుకే పెట్టాలంటాయి. కళ్లకెదురుగా ఉండే అర కోసం పోటీ ఇంకా ఎక్కువ. చర్ల దారిలో నాకు తెలిసిన ఒక కొట్టు ఉంది. నడిపేది ఒకావిడ. ఆమెకు అలా వచ్చిన ఫ్రిజ్‌లో కింది అరలో, డ్రింకుల వెనక, మజ్జిగ పాకెట్లు దాచేది. కంపెనీ మనిషి బండి చప్పుడు వినపడగానే వాటిని తీసి బకెట్లో వేసి తడిగుడ్డ కప్పేది. "వచ్చేటోళ్లు మజ్జిగ గూడ అడుగుతరు గదన్నా, లేదంటే ఎట్ల?" అంది నాతో.

పోయిన ఎండాకాలం వెళితే ఆ ఫ్రిజ్ లేదు. వాయిదాల మీద సొంతంగా సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్ కొనుక్కుంది. తలుపు మీద ఏ కంపెనీ బొమ్మా లేదు. పై అరలో మజ్జిగ, దాని కింద థమ్సప్, క్యాంపా పక్కపక్కనే, అడుగున నిమ్మకాయలు. "కరెంటు బిల్లు మాత్రం మస్తొస్తున్నది" అంటూ నాకు మజ్జిగ పాకెట్ మూల కత్తిరించి ఇచ్చింది.