బొగ్గుబాయి కార్మికుల సద్దిలో శాకాహారం: ఆరోగ్య ప్రయోజనాలు, పరిమితులు

వ్యాససంగ్రహం: శాకాహారం ఆరోగ్యదాయకమన్న మాట ప్రచారంలో ఉంది. అయితే ఆ ప్రయోజనం మాంసం లేకపోవడం వల్ల కాక, పప్పుధాన్యాలు, ఆకుకూరలు, కూరగాయలు తగినంత ఉండటం వల్ల కలుగుతుంది. రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల కార్మికులు పనికి తీసుకువెళ్లే సద్దిని ఆధారంగా చేసుకొని ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సింగరేణి, సద్ది, శాకాహారం, గుడాలు, మధుమేహం, రాత్రి షిఫ్టు.

1. ఉపోద్ఘాతం

2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ ప్రాథమిక సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు పైబడినవారిలో శాకాహారులు 1.3 శాతం మాత్రమే. ఇటువంటి చోట శాకాహారాన్ని గురించిన చర్చ కొద్దిమందికే పరిమితమనిపించవచ్చు. వాస్తవం అది కాదు. మాంసాహారుల ఇళ్లలో కూడా మాంసం ఆదివారానికో, పండుగకో, చుట్టం వచ్చిన నాటికో వండుతారు. మిగిలిన పూటలు అన్నం, పప్పు, కూర, తొక్కులతోనే గడుస్తాయి. బాయి దిగే కార్మికుని సద్దిగిన్నె కూడా ఇందుకు భిన్నం కాదు.

ఆ గిన్నెలో ఏముందన్నది ఇంటి జరుగుబాటుతో ముడిపడిన విషయం. గని కార్మికులకు నిర్ణీత కాలవ్యవధుల్లో వైద్యపరీక్షలు తప్పనిసరి. మధుమేహం, రక్తపోటు అదుపు తప్పి కంటిచూపు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటే గనిలో పనిచేసే యోగ్యతే ప్రశ్నార్థకమవుతుంది. గనుల ప్రాంతంలో ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క మాట కుటుంబ భవిష్యత్తును మార్చివేయగలదు.

2. సద్దిలో మారిన గింజ

ఒకప్పుడు ఈ ప్రాంతపు సామాన్యుల తిండి జొన్నరొట్టె, మక్కగట్క, అంబలి. వరి అన్నం పండుగపూట భోజనం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం, శ్రీరాంసాగర్ కాలువల కింద విస్తరించిన వరిసాగు కలిసి ఈ తారతమ్యాన్ని చెరిపివేశాయి. 2025 ఉగాది నాటినుండి చౌకధరల దుకాణాల్లో సన్నబియ్యం అందుతున్నది. ఆకలి తీర్చిన ఈ మార్పును ఆరోగ్యం పేరిట తక్కువ చేసి మాట్లాడటం తగదు. పేదవాడి కంచంలోకి అన్నం రావడం గౌరవానికి సంబంధించిన విషయం కూడా.

అయితే గింజ మారినప్పుడు దాని పక్కన ఉండవలసినవి పెరగలేదు. భారత వైద్య పరిశోధనా మండలి ఇండియాబ్ అధ్యయనంలో భాగంగా 2025లో వెలువడిన ఆహార విశ్లేషణ ప్రకారం భారతీయుల ఆహారశక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నది. తెల్లబియ్యానికి బదులు గోధుమపిండినో చిరుధాన్యాల పిండినో వాడినంత మాత్రాన మధుమేహ ముప్పు తగ్గలేదనీ, మొత్తం పిండిపదార్థాన్నే తగ్గించి కొంతభాగాన్ని పప్పుధాన్యాలు, పాల ప్రోటీనులతో భర్తీ చేసినప్పుడు తగ్గుతుందనీ అందులో తేలింది. ఎర్రమాంసంతో భర్తీ చేస్తే ఆ మేలు కనిపించలేదు. శాకాహారానికి అనుకూలమైన ఈ ఫలితమే అన్నం, తొక్కులతో ముగిసే శాకాహారానికి హెచ్చరిక కూడా.

పాత తిండిని ఆదర్శంగా చూపే ధోరణికి కూడా చరిత్ర అడ్డుపడుతుంది. జొన్న ప్రధానాహారంగా తిన్న తెలంగాణ పేదల్లో పెలాగ్రా వ్యాధి కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం దాని లక్షణాలు. జొన్నలో లూసిన్ అనే ఆమ్లం అధికంగా ఉండటం ఇందుకు కారణమని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ప్రతిపాదించారు. దానిపై తరువాత భిన్నాభిప్రాయాలు వచ్చినా, ఒకే గింజమీద ఆధారపడటం చేటన్న విషయంలో వివాదం లేదు.

3. గుడాలు, ఆకుకూరలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు 2000 కిలోకేలరీల దినాహారంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలంటాయి. కూరగాయల్లో 100 గ్రాములు ఆకుకూరలే. శారీరక శ్రమ ఎక్కువైతే పరిమాణాలు పెరుగుతాయి. పలుచని పప్పుచారు ఎన్ని గరిటెలు పోసుకున్నా 85 గ్రాముల పప్పు లెక్క నిండదు.

ఈ లోటుకు పరిష్కారం స్థానికుల వంటలోనే ఉంది. బబ్బెర్లు, అనుములు, పెసర్లు ఉడికించి తాలింపు వేసిన గుడాలు సద్దికి అనువైనవి, చారులా ఒలకవు. వీటిలోని పీచు చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. పొట్టు తీయని గింజ నెమ్మదిగా అరగడం వల్ల ఆకలి కూడా తొందరగా వేయదు. చిరుతిండిగా చూసే గుడాలను సద్దిలో ప్రధాన పదార్థంగా పరిగణించడం అవసరం.

రక్తపోటు విషయంలో 1997లో ప్రచురితమైన డాష్ ప్రయోగం ముఖ్యమైనది. పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ పాలపదార్థాలు అధికంగా ఉన్న ఆహారం రక్తపోటు రోగుల్లో పై అంకెను సగటున 11 పాయింట్లకు పైగా తగ్గించింది. అందులో చేప, కోడిమాంసం కొద్దిగా ఉండేవి. అది పూర్తి శాకాహారం కాదు. తోటకూర, గంగవాయిలికూర, పెరుగు ఇటువంటి ఆహారానికి ఇక్కడ దగ్గరవి. తొక్కులోని ఉప్పు మాత్రం అందుకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. చెమట పట్టే పనిలో ఉప్పు అవసరమే కానీ, ఉప్పు వేసిన పలుచని సల్ల ఆ అవసరాన్ని తొక్కుకంటే మెరుగ్గా తీరుస్తుంది.

4. ఆహారం చేయలేనిది

దుమ్ములో పనిచేసేవారిలో బెల్లం తింటే లోపలికి పోయిన దుమ్ము కడుక్కుపోతుందన్న నమ్మకం ఉంది. తిన్నది అన్నవాహికలోకి, పీల్చినది ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరితిత్తుల చివరి గాలిగదుల్లో చేరిన సన్నని బొగ్గుధూళి చుట్టూ క్రమంగా మచ్చ కడుతుంది. న్యుమోకోనియోసిస్ అనే ఈ వ్యాధిని ఏ ఆహారమూ వెనక్కు తిప్పలేదు. దుమ్మును నీటితో అణచడం, గాలి ప్రసరణ, మాస్కు, సకాలంలో ఎక్స్‌రే మాత్రమే రక్షణ. మధుమేహం ఉన్నవారికి ఈ బెల్లం అదనపు హాని.

విటమిన్ బి12 మొక్కల నుండి లభించదు. పూర్తి శాకాహారులు పాలు, పెరుగు తప్పక తీసుకోవాలి. లోపం ఉంటే వైద్యుని సలహాతో మాత్రలు వాడాలి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మ, ఉసిరి తోడ్పడతాయి. భోజనం వెంటనే తాగే చాయ అందుకు అడ్డుపడుతుంది.

5. రాత్రి షిఫ్టు భోజనం

రాత్రివేళ దేహం చక్కెరను సర్దుబాటు చేసుకొనే శక్తి తగ్గుతుంది. పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. అందువల్ల ప్రధాన భోజనం షిఫ్టుకు బయలుదేరేముందు సాయంత్రమే ముగించి, లోపలికి తక్కువ తీసుకువెళ్లడం మేలు. మధుమేహానికి మందులు వాడేవారు భోజనవేళ మార్చేముందు వైద్యుని సంప్రదించాలి. చక్కెర పడిపోయి గనిలో కళ్లు తిరగడం మరొక ప్రమాదం. సాధారణంగా క్యారేజీలో పెద్దగిన్నె అన్నానికి, చిన్నగిన్నె కూరకు. రాత్రి షిఫ్టుకు మాత్రం పెద్దగిన్నెలో గుడాలో, గట్టిపప్పుతో కలిపిన ఆకుకూరో, చిన్నగిన్నెలో అన్నమో సర్దితే సరిపోతుంది.