సెల్‌ఫోన్ బొమ్మకూ బేరముంది!

గుంటూరు జిల్లా కల్లాల్లో ఆరబోసిన మిర్చిని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసే యువకులు ఊరూరా ఉన్నారు. అలాంటి ఫొటోలను పత్రికలకు, ప్రకటనలవారికి అమ్మిపెట్టే స్టాక్ సంస్థలున్నాయి. అయితే కొత్తవారి ఫొటోలు తరచు తిరస్కరణకు గురవుతుంటాయి. కారణాలు చిన్నవే.

జేబులోని చెమట, దుమ్ము అంటి కెమెరా అద్దం మసకబారుతుంది. మెత్తని గుడ్డతో తుడవాలి. వేళ్లతో లాగి పెద్దది చేస్తే బొమ్మ గింజలు గింజలుగా విడిపోతుంది. నాలుగడుగులు ముందుకు నడవడమే మేలు. మిట్టమధ్యాహ్నం నీడలు నల్లబడతాయి. ఉదయం, సాయంత్రం వెలుగు అనుకూలం.

అడోబ్ స్టాక్‌కు కనీసం 4 మెగాపిక్సెళ్ల ఫొటో కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. కనుక ఫోన్‌లోని అసలు ఫొటోనే పంపాలి. అమ్ముడైతే తీసినవారికి 33 శాతం వాటా దక్కుతుంది.

ఎరువు బస్తాపై కంపెనీ గుర్తు కనబడరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మిర్చి కూలీ ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆమె సంతకంతో అనుమతి పత్రం తప్పనిసరి. వేలిముద్రో సంతకమో తీసుకుని ఊరుకోక, పత్రాన్ని చదివి వినిపించాలి. ఆ ముఖం రేపు ఏ దేశంలో, ఏ ప్రకటనలో కనిపిస్తుందో ముందుగా తెలియదు. ఆమె వద్దంటే ఆ చేతులు, ఎర్రని కాయలు చాలు.